సుఖవ్యాధులు: తగ్గని బాధ, తీరని సందేహము

నందికొట్కూరునుండి కర్నూలు పోవు బస్సులో ఒక యువకుడు కూర్చుండినాడనుకొందము. జేబులో మడచిన రక్తపరీక్ష కాగితము కలదు. అందు దోషము లేదని వ్రాసియున్నది. మందులు వాడి నెల దాటినను మూత్రమునందలి మంట పోలేదు. ఊరిలో వైద్యుని అడుగుటకు సిగ్గు. కాగితమును నమ్మవలెనా, మంటను నమ్మవలెనా? ఈ ప్రశ్న చాలమందిది. కనుక దాపరికము లేక ముచ్చటింతము.

మన పెద్దలు సెగ, సవాయి అని పిలిచినవి ఈ కోవలోని రోగములే. పదునారవ శతాబ్దమున భావమిశ్రుడు సవాయిని ఫిరంగరోగమని పేర్కొని, పరదేశీయులకు అంటగట్టెను. ఐరోపావారును దానిని ఒకరి దేశమునకొకరు అంటగట్టుకొనినవారే. నింద పొరుగువానిపై త్రోయుట అందరికిని సులభము.

రక్తపరీక్షలు చాలవరకు క్రిమిని నేరుగా చూడవు. దానిని ఎదిరించుటకు శరీరము పుట్టించు పదార్థములను చూచును. అవి పుట్టుటకు వ్యవధి కావలెను. కొర్ర విత్తిన మరునాడే చేనికి పోయి మొలక లేదని తిరిగివచ్చుట యెట్టిదో, తొందరపడి చేయించిన పరీక్షయు నట్టిదే. సవాయి పుండు సాధారణముగా మూడు వారములకు కనబడును. తొంబది దినములు పట్టుటయు కలదు. పుండు కొత్తగా ఉన్నపుడు వీ.డీ.ఆర్.ఎల్. పరీక్ష ఏమియు చూపకపోవచ్చును. హెచ్.ఐ.వి. విషయమున వేలు పొడిచి చేయు పరీక్షకు మూడు నెలల గడువు నిండిన పిమ్మట వచ్చిన ఫలితమునే స్థిరముగా నమ్మవచ్చును.

దీనికి విపరీతమైన సందేహమును కలదు. సవాయికి పెన్సిలిన్ చికిత్స పూర్తియైనను కొందరి రక్తమున వీ.డీ.ఆర్.ఎల్. స్వల్పముగా నిలిచియుండును. నిర్ధారణకై చేయు వేరొక తరగతి పరీక్ష పలువురికి జీవితాంతము దోషమున్నట్లే చూపును. అది మానిన గాయపు మచ్చ వంటిది. కావున వైద్యుడు అంకె ఉన్నదా యని గాక, తగ్గుచున్నదా యని చూచును. నాలుగవ వంతునకు దిగినచో చికిత్స ఫలించినట్లు లెక్క.

ఇక మంట మాట. సెగను, దానితో జతగా తరచు వచ్చు క్లమీడియాను పై రక్తపరీక్షలు పట్టజాలవు; మూత్రమునో స్రావమునో పరీక్షింపవలెను. ఒకదానికే మందు పడినచో రెండవది మిగిలిపోవును. సెగక్రిమి ఒకనాడు పెన్సిలిన్‌కు లొంగినది, నేడు లొంగుట లేదు. అంగడిలో అడిగి కొన్న మాత్రలు పనిచేయకపోవుటకు ఇదియు నొక కారణము. అన్నిటికంటె ముఖ్యము, భర్త మందు మ్రింగి భార్యకు చెప్పకుండుట. స్త్రీలలో పెక్కుమందికి ఏ లక్షణమును తోచదు. ఆమెనుండి వ్యాధి అతనికి మరల వచ్చును. ఆమె గర్భవతియైనచో సవాయి వలన మృతశిశువు జన్మింపవచ్చును. సిగ్గునకు ఇంత వెల చెల్లింపవలెనా?

క్రిములన్నియు నశించినను కొన్ని దినములు వాపు, చురుకు నిలుచుట కలదు. గంటకొకసారి నొక్కి చూచుకొనువారికి అది మరింత నిలుచును. మూత్రకోశమున రాయి వలనను, చక్కెర వ్యాధి వలనను మంట కలుగవచ్చును గనుక, ప్రతి మంటను పాపఫలమని తలపోయుట తగదు.

ప్రభుత్వాసుపత్రులలోని సురక్షా క్లినిక్కులలో ఈ వ్యాధులకు మందులు ఉచితము. 2017 నాటి చట్టము ప్రకారము సమ్మతి లేక హెచ్.ఐ.వి. పరీక్ష చేయరాదు, ఫలితము బయట పెట్టరాదు. 1097 సంఖ్యకు ఫోను చేసి పేరు చెప్పకయే సందేహము తీర్చుకొనవచ్చును.

మన బస్సులోని యువకుడు ముందుగా కాగితముపై తేదీని చూడవలెను. సంపర్కము జరిగిన పదియవ దినమున తీసిన రక్తమైనచో, గడువు నిండిన పిమ్మట మరల ఇయ్యవలసినదే. మంటకు మాత్రము మూత్రపరీక్ష నేడే చేయించుకొనవలెను. వివాహితుడైనచో మరునాడు భార్యతో కలిసి రావలెను.