గాడికి తగిన బెల్టు

ఛత్తీస్‌గఢ్-తెలంగాణ సరిహద్దులోని తర్లగూడలో ఒక పిండి గిర్ని బెల్టు తెగిందనుకుందాం. కొత్తది తేవడానికి పట్నం వెళ్లాలి. కొలత తప్పితే ప్రయాణమూ దండగే, గిర్నీ ఆగిపోతుంది.

చాలామంది పాత బెల్టునే దారంతో కొలుస్తారు. కానీ వాడిన బెల్టు సాగి ఉంటుంది, పక్కలు అరిగి ఉంటాయి. అందుకే కొలత పుల్లీల దగ్గర తీసుకోవాలి.

వి-బెల్టు పని చేసేది అడుగుతో కాదు, రెండు పక్కలతో. గాడిలో దిగబడి బిగుసుకోవడం వల్ల చదును బెల్టు కంటే సుమారు 3 రెట్ల పట్టు వస్తుంది. బెల్టు గాడి అడుగును తాకిందంటే ఆ పట్టు పోయినట్టే. జారుతుంది, వేడెక్కుతుంది, కాలిన రబ్బరు వాసన వస్తుంది. ‘ఎ’ రకం పైవెడల్పు 13 మి.మీ., మందం 8. ‘బి’ రకానికి 17, 11.

ఇక పొడవు. పుల్లీల వ్యాసాలు 300, 100 మి.మీ., కేంద్రాల మధ్య దూరం 480 మి.మీ. అనుకుందాం. (వ్యాసాలను బెల్టులోని దారాల పొర నడిచే చోట లెక్కించాలి, గాడి అంచు దగ్గర కాదు.) దూరానికి రెట్టింపు 960. వ్యాసాల మొత్తాన్ని 1.57తో గుణిస్తే 628. వ్యాసాల తేడా వర్గాన్ని, దూరానికి 4 రెట్లతో భాగిస్తే 21. మొత్తం 1609 మి.మీ. ‘ఎ’ రకంలో లోపలి పొడవు దీనికంటే 36 తక్కువ, అంటే 1573 మి.మీ.; దాదాపు 62 అంగుళాలు. దుకాణంలో ‘ఎ-62’ అని అడగాలి. కొద్ది తేడా ఉంటే మోటారు జరిపి సర్దుకోవచ్చు.

విడిభాగాలు దొరకని పాత స్పోర్ట్స్ కారు ఫ్యాన్ బెల్టుకూ ఇదే లెక్క, వెడల్పులు మాత్రం వేరు. టైమింగ్ బెల్టు సంగతి అలా కాదు. 1962లో జర్మనీ కారు గ్లాస్ 1004లో వచ్చిన ఈ పళ్ల బెల్టుకు పళ్ల సంఖ్య, ఎడం, ఆకారం మూడూ కలవాలి. పళ్లు జారితే కవాటాలు తెరుచుకునే సమయం తప్పుతుంది. కొన్ని ఇంజన్లలో పిస్టనే వెళ్లి కవాటాన్ని కొడుతుంది.