ఒక్క గిటార్‌తో ఇద్దరి సౌండ్: పిచ్ షిఫ్టర్ పెడల్‌తో హార్మనీ రిఫ్స్ వాయించడం ఎలా?

ఐరన్ మెయిడెన్ 'ద ట్రూపర్' రిఫ్ విన్నారా? పోనీ ఈగల్స్ 'హోటల్ కాలిఫోర్నియా' చివర్లో వచ్చే గిటార్ పార్ట్? రెండింటిలోనూ ఇద్దరు గిటారిస్టులు వేర్వేరు స్వరాలతో కలిసి నడుస్తారు. ఆ మజా అక్కడే ఉంది. మరి మీ బ్యాండ్‌లో గిటారిస్ట్ ఒక్కరే అయితే?

నాకు ఇదే పరిస్థితి వచ్చింది. కాలేజీ ఫెస్ట్‌కి వారం ముందు మా రెండో గిటారిస్ట్ జాబ్‌లో జాయిన్ అవ్వడానికి వెళ్లిపోయాడు. ఫ్రెండ్ దగ్గర అప్పు చేసి మరీ పిచ్ షిఫ్టర్ కొన్నా. తీరా స్టేజ్ మీద సగం నోట్స్ అపస్వరాలే! తప్పు పెడల్‌ది కాదు, నా సెట్టింగ్‌ది. ఆ రోజు నాకు తెలియనివన్నీ ఇప్పుడు చూద్దాం.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

యూట్యూబ్‌లో వీడియో స్పీడ్ 1.5 రెట్లు పెంచినా గొంతు కీచుగా మారదు కదా? అక్కడ స్పీడ్ మార్చి, శ్రుతిని కాపాడతారు. పిచ్ షిఫ్టర్ దీనికి రివర్స్. స్పీడ్ అలాగే ఉంచి శ్రుతిని మారుస్తుంది. గిటార్ సిగ్నల్‌ని డిజిటల్‌గా మార్చి, చిన్న చిన్న ముక్కలుగా మెమరీలో పెట్టుకుంటుంది. వాటిని వేగంగా చదివితే శ్రుతి పెరుగుతుంది, నెమ్మదిగా చదివితే తగ్గుతుంది. టైమింగ్ తప్పకుండా ఆ ముక్కల్ని మళ్లీ అతికిస్తుంది.

గిటార్‌లో ఒక్కో ఫ్రెట్‌కి ఫ్రీక్వెన్సీ 1.059 రెట్లు పెరుగుతుంది. ఎ స్ట్రింగ్ 110 హెర్ట్జ్ అనుకుంటే, 7 ఫ్రెట్లు పైన ఉండే ఫిఫ్త్ దాదాపు 165, ఆక్టేవ్ 220. పెడల్ చేసేది ఈ గుణకారమే.

1975లో ఈవెంటైడ్ హెచ్910 వచ్చినప్పుడు ఇది స్టూడియో ర్యాక్‌లో ఉండే బాక్స్. తర్వాత డిజిటెక్ వామీ లాంటి పెడల్స్‌తో కాలి కిందికి వచ్చింది. 'సెవెన్ నేషన్ ఆర్మీ'లో బేస్ గిటార్‌లా వినిపించే రిఫ్ కూడా బేస్ కాదు. జాక్ వైట్ మామూలు గిటార్‌ని వామీతో ఒక ఆక్టేవ్ కిందికి దించి వాయించాడు.

నేను చేసిన తప్పు ఇదే

పెడల్‌లో +4 సెమిటోన్లు, అంటే మేజర్ థర్డ్ పెట్టి వదిలేశా. సి మేజర్‌లో సి వాయిస్తే ఇ వస్తుంది, సూపర్. డి వాయిస్తే? ఎఫ్ రావాలి, కానీ ఎఫ్ షార్ప్ వస్తుంది. అది ఆ స్కేల్‌లోనే లేదు!

సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇంకా ఈజీగా అర్థమవుతుంది. శంకరాభరణంలో స నుంచి గ కి 4 మెట్లు, కానీ రి నుంచి మ కి 3 మెట్లే. అన్నిటికీ 4 పెడితే రి దగ్గర ప్రతి మధ్యమం పలుకుతుంది. అది కల్యాణి స్వరం.

అందుకే రెండు రకాల పెడల్స్ ఉన్నాయి:

- ఫిక్స్‌డ్ ఇంటర్వెల్: ప్రతి నోట్‌నీ ఒకే దూరం జరుపుతుంది. వామీ ఈ రకమే.
- స్మార్ట్ హార్మనీ: పాట కీ చెబితే, నోట్‌ని బట్టి 3 లేదా 4 సెమిటోన్లు తనే ఎంచుకుంటుంది. బాస్ పీఎస్-6 హార్మోనిస్ట్‌లో ఇలాంటి మోడ్ ఉంది.

ఫిక్స్‌డ్ పెడల్ ఉంటే థర్డ్స్ జోలికి పోకుండా ఫిఫ్త్ పెట్టండి. మేజర్ స్కేల్‌లోని 7 స్వరాల్లో 6 కి అది కరెక్ట్‌గా సరిపోతుంది. సి మేజర్‌లో ఇబ్బంది పెట్టేది ఒక్క బి మాత్రమే. ఫోర్త్‌కైతే ఒక్క ఎఫ్. రిఫ్‌లో ఆ నోట్ లేకుంటే చాలు.

డిస్టార్షన్‌కి ముందా, తర్వాతా?

రెండు నోట్స్ కలిసి డిస్టార్షన్‌లోకి వెళ్తే, వాటి ఫ్రీక్వెన్సీల తేడాతో కొత్త నోట్ పుడుతుంది. 440, 659 కలిస్తే తేడా 219. అది దాదాపు కింది ఎ నే, కాబట్టి సౌండ్ బలంగా ఉంటుంది. అదే మేజర్ థర్డ్‌లో 440, 554 కలిస్తే తేడా 114. అది 110 దగ్గరుండే ఎ కాదు, అలాగని పక్కనుండే ఎ షార్ప్ కూడా కాదు. అందుకే బురదగా వినిపిస్తుంది.

సింపుల్‌గా చెప్పాలంటే, ఫిఫ్త్, ఆక్టేవ్ అయితే పెడల్‌ని డిస్టార్షన్‌కి ముందు పెట్టండి. థర్డ్స్ అయితే తర్వాత పెట్టి చూడండి. రెండు వేర్వేరు గిటార్లలా విడిగా వినిపిస్తాయి. క్లీన్ సిగ్నల్ కాదు కాబట్టి పెడల్ అప్పుడప్పుడు తడబడొచ్చు. గెయిన్ కొంచెం తగ్గించండి.

లేట్‌గా పలుకుతోందా?

లావు ఇ స్ట్రింగ్ 82 హెర్ట్జ్. ఒక్క తరంగం పూర్తవ్వడానికే 12 మిల్లీసెకన్లు పడుతుంది. అది చూడకుండా స్మార్ట్ పెడల్ నోట్‌ని గుర్తుపట్టలేదు. సన్న ఇ స్ట్రింగ్‌కి 3 మిల్లీసెకన్లు చాలు. కాబట్టి హార్మనీ రిఫ్‌ని పై శ్రుతిలో, ఒక్కో నోట్ విడిగా, మిగతా స్ట్రింగ్స్ మ్యూట్ చేసి వాయించండి. స్మార్ట్ మోడ్‌లో కార్డ్స్ కొట్టారంటే గందరగోళమే.

కొనే ముందు

- కీ సెలెక్షన్ ఉందా, లేక ఫిక్స్‌డ్ ఇంటర్వెల్ మాత్రమేనా?
- మేజర్ కీలు మాత్రమే ఉంటే కంగారు వద్దు. ఎ మైనర్ పాటకి సి మేజర్ పెట్టండి, స్వరాలు అవే.
- షాప్‌లో లావు స్ట్రింగ్స్ మీద స్పీడ్‌గా వాయించి చూడండి. లేట్ అక్కడే బయటపడుతుంది.

డబ్బులు పెట్టే ముందు ఒక ఫ్రీ టెస్ట్ కూడా ఉంది. రిఫ్‌ని ఫోన్‌లో రికార్డ్ చేసి, దాని మీద థర్డ్ పార్ట్‌ని మీరే వాయించండి. ఏ నోట్‌కి ఏ నోట్ జత అవుతుందో చెవికి తెలిసిపోతే, పెడల్ తప్పు పలికిన వెంటనే పట్టేస్తారు. నేను ఆ వారంలో ఈ పని చేసుంటే, ఫెస్ట్ రోజు సెకండ్ సాంగ్‌లోనే పెడల్ ఆఫ్ చేయాల్సి వచ్చేది కాదు.