మీ కారు కళ్ళు మసకబారాయా?

పండగ వస్తోందంటే ఇత్తడి సామాను తోముతాం, కిటికీలు తుడుస్తాం, ఫ్యాన్ రెక్కల దుమ్ము కూడా వదిలిస్తాం. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం అది మన పని కాదన్నట్టు ఊరుకుంటాం. ఒక్కసారి దాని ఎదురుగా నిలబడి హెడ్‌లైట్లు చూడండి. కొన్నేళ్ళుగా ఎండలో నిలిపే కారైతే, దీపాల పైమూత పసుపుపచ్చగా, పొగ పట్టినట్టు కనిపిస్తుంది.

ఇది కారు అందానికి మాత్రమే సంబంధించిన సంగతి కాదండీ. రాత్రి పొరుగూరు పెళ్ళికి వెళ్ళి వస్తుంటే, రోడ్డు మీద దీపం లేని ఎడ్లబండో, అడ్డంగా పడుకున్న గేదో ఎంత దూరం నుంచి కనిపిస్తుందన్నది ఆ మూత మీదే ఆధారపడుతుంది. 2018లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ వారు ఇలా మసకబారిన దీపాలను పరీక్షిస్తే, లో బీమ్‌లో కొత్త దీపాల వెలుగులో 22 శాతమే వచ్చింది. సానపట్టి బాగుచేశాక సుమారు 70 శాతానికి పెరిగింది. కారు నడిపేది ఆయనైనా, అబ్బాయైనా, మీరైనా ఆ తేడా చిన్నది కాదు.

ఎందుకిలా అవుతుంది?

పాత అంబాసిడర్, పద్మిని కార్లకు గాజు దీపాలుండేవి. ఇప్పటి కార్లకు పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ మూతలు వస్తున్నాయి. తేలిక, తొందరగా పగలవు. కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే పసుపెక్కుతాయి, ఇట్టే గీతలు పడతాయి. అందుకని ఫ్యాక్టరీలోనే పైన పల్చటి రక్షణ పూత వేస్తారు. ఏళ్ళ తరబడి ఎండకూ దుమ్ముకూ ఆ పూత చెడిపోతుంది. మనకు కనిపించే మసక అదే. అది మురికి కాదు కనుక ఎంత సబ్బు రుద్దినా పోదు.

ముందొక చిన్న పరీక్ష

మూత మీద నీళ్ళు పోయండి. తడిగా ఉన్నంతసేపు కాస్త తేటగా కనిపించి, ఆరగానే మళ్ళీ మసకబారిందంటే లోపం పైపొరలోనే ఉంది, ఇంట్లో బాగుచేసుకోవచ్చు. లోపలివైపు నీటిబొట్లు ఉన్నా, మూత పగిలినా పైన రుద్ది లాభం లేదు. మెకానిక్‌కి చూపించండి.

కావలసినవి

వాటర్ పేపర్ 1000, 2000, 3000 నంబర్లవి ఒక్కొక్క షీటు (పెయింట్ల షాపులో దొరుకుతుంది), మాస్కింగ్ టేపు, రబ్బింగ్ కాంపౌండ్, మెత్తటి పాత బనియన్ గుడ్డలు, కాస్త కారు షాంపూ కలిపిన నీళ్ళు, ఐసోప్రొపైల్ స్పిరిట్, హెడ్‌లైట్లకు వేసే యూవీ పూత. పసుపు బాగా ముదిరితే 800 నంబరు పేపరు కూడా తెచ్చుకోండి.

చేసే విధానం

కారును నీడలో పెట్టి, దీపాలు ఆర్పి చల్లారనివ్వండి. మూతను కడిగి తుడిచి, చుట్టూ ఉన్న పెయింటు మీద టేపు రెండు వరసలు అంటించండి. లేకపోతే కాగితం తగిలి రంగు లేస్తుంది.

1000 నంబరు పేపరును నీళ్ళలో నాననిచ్చి, తడి ఆరకుండా చూసుకుంటూ అడ్డంగా రుద్దండి. మొదట పసుపు నీళ్ళు కారతాయి. అవి తెల్లగా మారాయంటే పాత పూత పోయిందన్నమాట. తర్వాత 2000తో నిలువుగా, 3000తో మళ్ళీ అడ్డంగా రుద్దండి. ఇలా దిశ మారిస్తే ముందు గీతలు పోయాయో లేదో తెలిసిపోతుంది. ఒక్కో పేపరు మార్చేటప్పుడు మూత కడగడం మరిచిపోవద్దు.

ఈ దశలో మూత మజ్జిగ రంగులో, మొదటికన్నా అన్యాయంగా కనిపిస్తుంది. కంగారు పడకండి. గుడ్డకు కాంపౌండ్ రాసి గుండ్రంగా, ఓపికగా రుద్దితే తేటపడుతుంది. తర్వాత స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరనిచ్చి యూవీ పూత వేయండి. స్ప్రే అయితే ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పిల్లలను దూరంగా ఉంచి కొట్టండి. పూత ఆరడానికి డబ్బా మీద ఎంతసేపు రాశారో అంతసేపూ తడి తగలనివ్వొద్దు.

అసలు కీలకం ఈ పూతలోనే ఉంది. పాత పూత తీసేశాం కనుక కొత్తది వేయకపోతే కొద్ది నెలల్లోనే మళ్ళీ పసుపు వచ్చేస్తుంది. చాలామంది ఇక్కడే ఆపేసి, తర్వాత చిట్కా పనిచెయ్యలేదంటారు.

వంటింటి చిట్కాల మాటేమిటి?

తెల్ల టూత్‌పేస్టులో సన్నటి పొడి ఉంటుంది కాబట్టి లేత మసక కొంత పోతుంది, కానీ ఎక్కువ రోజులు నిలవదు. వంటసోడాదీ అదే కథ. అందులో వెనిగర్ పోస్తే వచ్చే పొంగు చూడ్డానికే తప్ప పనికి రాదు. చింతపండు, నిమ్మకాయ రాగి చిలుము వదిలిస్తాయి, ఇక్కడ చిలుమే లేదు. ఒంటికి రాసుకునే దోమల మందు పూస్తే మెరిసిపోతుందని కొందరంటారు. అందులోని డీట్ ప్లాస్టిక్‌నే మెత్తబరుస్తుంది. ఆ మెరుపు నాలుగు రోజులే, మూతకు మాత్రం చేటు. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్, పెట్రోలు, గిన్నెలు తోమే స్టీలు పీచు అసలు తగలనివ్వకండి.

ఆ తర్వాత

రాత్రి కారును గోడకెదురుగా నిలిపి దీపాలు వేసి చూడండి. రెండు వెలుగులూ సమానంగా ఉండాలి. మూత తేటగా ఉన్నా వెలుగు మందంగా ఉంటే బల్బు పాతబడి ఉండొచ్చు, లోపలి మెరుపు పూత చెడి ఉండొచ్చు. ఎక్కువ వాట్ల బల్బు మాత్రం వేయించకండి. ఆ వేడికి హోల్డరు, వైర్లు పాడవుతాయి, ఎదుటి బండివాళ్ళ కళ్ళూ చెదురుతాయి.

కారును వీలైనంతవరకు నీడలో పెట్టండి. మూత మీది దుమ్మును పొడిగుడ్డతో దులపకుండా ముందు నీళ్ళు పోయండి. రెండు మూడు నెలలకోసారి కాస్త కారు వ్యాక్స్ రుద్దితే ఇంకా మంచిది. రెండు దీపాలకూ కలిపి ఒక పూట పని. రాత్రి ప్రయాణం పెట్టుకున్నాక హడావిడి పడకుండా, తీరికగా ఉన్న ఆదివారమే కానిచ్చేయండి.