ఇసుకలోని మూలకము, ఔషధములోని వలయము

సూర్యాపేట, ఆత్మకూరు (ఎస్) ప్రాంతపు గ్రానైటు బండలలోను, మూసీ ఇసుకలోను ప్రధానముగ నుండునది సిలికాన్, ఆమ్లజనుల సంయోగమే. భూపటలపు బరువులో సుమారు 28 శాతము సిలికానే యైనను, జీవకోటి దేహనిర్మాణమునకు కర్బనమునే వరించినది. ఈ రెంటిని నేరుగా బంధించు ఎంజైము ప్రకృతిలో నింతవరకు కానరాలేదు. 2016లో రసాయన శాస్త్రవేత్త ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ బృందము ఒక సూక్ష్మజీవి ప్రోటీనును తీర్చిదిద్ది ఆ పని చేయించినది.

ఆవర్తన పట్టికలో కర్బనమునకు దిగువనే యున్న సిలికాన్ దానివలెనే నాలుగు బంధముల నేర్పరచుకొనును. కాని కర్బన–కర్బన బంధపు నిడివి 1.54 ఆంగ్‌స్ట్రాములు కాగా, సిలికాన్–కర్బన బంధపు నిడివి 1.87 ఆంగ్‌స్ట్రాములగుటచే, ఔషధాణువులో ఒక్క పరమాణువును మార్చినను వలయపు ఆకృతియు, కొవ్వులో కరుగు గుణమును మారును. హైదరాబాదు విశ్వవిద్యాలయమున పిహెచ్.డి. పొంది, తరువాత ఆ నగరమందలి భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు సంచాలకులైన డి. శ్రీనివాసరెడ్డిగారు, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో నున్న కాలమున, లినెజోలిడ్ అను యాంటీబయాటిక్ మందునందలి నత్రజని వలయములో ఆమ్లజని స్థానమున సిలికాన్‌ను నిలిపిరి. అట్లు రూపొందిన అణువులు మెదడునకు మెరుగుగ చేరునని వారి బృందము 2015లో ప్రకటించినది. మెదడును రక్షించు పొర అనేక మందులను అడ్డగించునది గనుక, ఇది నా దృష్టిలో మిక్కిలి విలువగల ఫలితము.

ఇట్టి అణువులను నిర్మించు మార్గములలో స్వేచ్ఛా ప్రాతిపదికల చర్య నన్ను మిక్కిలి ఆకర్షించినది. జతలేని ఎలక్ట్రాను గల ఈ కణములుండునని 1900లో మోజెస్ గోంబెర్గ్ నిరూపించెను. పెరాక్సైడు సాయమున ట్రైక్లోరోసిలేన్‌ను ద్విబంధమునకు జోడించిన ప్రయోగము 1947 నాటిది. నేటి పద్ధతియు దాని సంతతియే. వేడిచేసిన పెరాక్సైడు రెండుగ చీలి, సిలేన్ అను సిలికాన్–ఉదజని సమ్మేళనము నుండి ఉదజనిని లాగుకొనగా సిలిల్ ప్రాతిపదిక పుట్టును. అది, నత్రజనిపై బెంజీను వలయమును ధరించిన అక్రిలమైడు యొక్క ద్విబంధమును చేరును. అచ్చట మిగిలిన ఒంటరి ఎలక్ట్రాను గల కర్బనము ఆ బెంజీను వలయమును తాకును. తుదకొక ఉదజని తొలగిపోగా, సిలికాన్‌ను తోకవలె ధరించిన ఐదు పరమాణువుల నత్రజని వలయముగల ఆక్సిండోల్ సిద్ధమగును. రెండు కొత్త బంధములు ఒకే పాత్రలో, ఒకే ఊపున ఏర్పడుటయే దీని సొగసు!

అయితే సిలిల్ ప్రాతిపదికకు బ్రోమిన్‌పై మక్కువ మెండు. మూలాణువులో బ్రోమిన్ ఉన్నచో ద్విబంధమును విడిచి దానినే లాగుకొనవచ్చును. తీవ్రమైన వేడిమియు సుకుమారములైన అణువులకు హానికరము. అందుచేతనే పెరాక్సైడు వేడికి బదులు, దృశ్యకాంతితో సిలేన్ నుండి ఉదజనిని మెల్లగ తొలగించు ఉత్ప్రేరకములను పరిశోధకులు వాడుచున్నారు.