వెడల్పు తెర: వెల తక్కువ, ప్రయోజన మెంత?

నేడు అనేక గృహములలో కంప్యూటరు కుటుంబమున కంతకు ఉమ్మడి వస్తువు. పగలు పిల్లల పాఠములకు, సాయంత్రము ఇంటి లెక్కలకు, రాత్రి సినిమాకు అదే తెర. అట్టి యింటివారికి వెడల్పు తెర, అనగా అంగళ్లలో ‘అల్ట్రావైడ్ మానిటరు’ అని పిలువబడునది, తక్కువ వెలకు దొరకుచున్నదని వినగానే దానిపై మనసు పోవుట సహజము. కాని ఒకసారి కొన్న తెరముందు ఏండ్ల తరబడి కూర్చుండవలెను. కనుక పెట్టెమీది సంఖ్యల అర్థము ముందే తెలిసికొనుట మేలు.

సాధారణపు తెర వెడల్పు ఎత్తుల నిష్పత్తి 16:9. వెడల్పు తెరది సుమారు 21:9. ఈ ఆకృతి సినిమాస్కోపును తలపించును. 1953లో అమెరికాలో ‘ది రోబ్’ చిత్రముతో సినిమాస్కోపు వెలుగు చూచినది. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగువారి తొలి సినిమాస్కోపు చిత్రమైనది. అట్టి చిత్రములు ఈ తెరపై నిండుగా కనుపించును. టెలివిజన్ కార్యక్రమములు, ఆన్‌లైన్ పాఠములు మాత్రము చాలవరకు 16:9 కొలతవి. అవి వచ్చినపుడు ఇరుప్రక్కల నల్లని పట్టీలు మిగిలి, తెరలో నాలుగవ వంతు ఊరక యుండును.

ఇక అంగుళముల మాట. తెర కొలత వెడల్పు కాదు, ఎత్తును కాదు. మూలనుండి మూలకు గల కర్ణము. కర్ణ మొక్కటే చూచి పోల్చినచో పొరపడుదుము. 29 అంగుళముల వెడల్పు తెర ఎత్తు 11.3 అంగుళములు మాత్రమే. 24 అంగుళముల సాధారణపు తెర ఎత్తు 11.8 అంగుళములు. అనగా ‘పెద్ద’ తెర ఎత్తున చిన్నది! 34 అంగుళముల వెడల్పు తెర ఎత్తు సుమారు 13.2 అంగుళములు, ఇది 27 అంగుళముల సాధారణపు తెరతో సమానము. ఉత్తరములు, వ్యాసములు, పుస్తకములు పైనుండి క్రిందికి చదువునవి గదా. వానికి ఎత్తే ముఖ్యము.

తరువాత చూడవలసినది పిక్సెళ్లు, అనగా చిత్రమును కూర్చు సూక్ష్మ బిందువులు. తక్కువ వెల తెరలలో సాధారణముగా అడ్డముగా 2560, నిలువుగా 1080 ఉండును. 29 అంగుళముల తెరపై ఇవి అంగుళమునకు 96 చొప్పున పడును. అవే పిక్సెళ్లను 34 అంగుళములకు పరచినచో అంగుళమునకు 82 మాత్రమే. తెలుగు చదువరులకు ఈ భేదము చిన్నది కాదు. మన లిపిలో గుణింతము పైకి, ఒత్తు క్రిందికి పోవును. బిందువులు పలుచబడినకొలది ఒత్తుల అంచులు మొరటుగా తోచి, దీర్ఘపఠనమున కన్ను అలయును. 34 అంగుళములే కావలెనన్నచో 3440 × 1440 గల తెరను ఎన్నుకొనుట మంచిది. అందు అంగుళమునకు 110 ఉండును. వెల మాత్రము పెరుగును.

వెడల్పు ఎవరికి లాభము? ఒకేసారి రెండు పనులు చూచుకొనువారికి. రేడియో పనిలో ఒక ప్రక్క ప్రసంగపాఠము, మరియొక ప్రక్క ధ్వనిముద్రణ తరంగరేఖ ఉంచుకొని మేము సవరణలు చేయుదుము. రేఖ ఎంత పొడవుగా కనుపించిన అంత సుళువు. పద్దుల పట్టికలు వేయువారికి, పాఠము వినుచు నోట్సు వ్రాసికొను విద్యార్థికి ఇట్టి మేలే కలుగును.

వెల తగ్గించుటకు తయారీదారులు ఎక్కడనో కొంత కోయక తప్పదు. తరచుగా ఆ కోత పీఠమున కనుపించును: తెర ముందువెనుకలకు వంగును గాని పైకి లేవదు. అప్పుడు క్రింద గట్టి పీటయో, లావుపాటి పుస్తకములో ఉంచవలసి వచ్చును. కాంతి 250 నిట్ల ప్రాంతమున నుండిన నీడపట్టు గదికి చాలును. కిటికీ వెలుగు నేరుగా పడుచోట చాలదు. అంత కాంతి గల తెరపై ‘హెచ్‌డీఆర్’ అను ముద్రకై అదనముగా చెల్లింప నక్కరలేదు. ఇంటిల్లిపాది ప్రక్కలనుండి చూచునట్టి తెర ఐపీఎస్ రకమైనది కావుట మేలు; అందు రంగులు ప్రక్కకు జరిగినను అంతగా మారవు.

కొనుటకు ముందు మూడు పనులు చేయవలెను. ఇంటిలోని బల్ల వెడల్పు కొలిచి చూడవలెను. ఉన్న కంప్యూటరు 2560 × 1080 చిత్రమును పంపగలదో లేదో విచారింపవలెను. లేనిచో బొమ్మ సాగియో, మసకబారియో కనుపించును. అంగడిలో ఒక తెలుగు పుట తెరిపించి, ఇంటిలో కూర్చుండు దూరమునుండియే పది పంక్తులు చదువవలెను. పంక్తులు సుఖముగా సాగినచో, పని రెండు కిటికీలు కోరునదైనచో, 29 అంగుళముల తెర ధరకు తగిన వస్తువే. చదువుటయే ప్రధానమైన యింటికి మాత్రము అదే సొమ్ముతో ఎత్తైన సాధారణపు తెర కొనుట తెలివి.