లార్డ్సు మైదానమున తొలి టెస్టు



కోరుట్ల యువకులు జట్టుగా గూడి జగిత్యాలకు బోయి క్రికెట్ ఆడినచో, గెలిచినను ఓడినను ప్రొద్దుగ్రుంకు వేళకు ఇల్లు చేరుదురు. సిరిసిల్లనుండి వచ్చిన జట్టైనను రాత్రి భోజనము ఇంటనే చేయును. వారికి ఎండ తెలిసిన యెండయే, నేల తెలిసిన నేలయే. ఆటకొఱకు సముద్రము దాటిన జట్టు సంగతి వేఱు. దానికి చలి క్రొత్త, నేల క్రొత్త, చుట్టును గూర్చున్న జనము క్రొత్త. చూచువారు ఆ పదునొకండుగురను గాక వారి దేశమునే తూచుచుందురు. అట్టి యొక పందెమును గూర్చియు, ఆనాడు మన జట్టును నడపిన తెలుగువారిని గూర్చియు నేడు ముచ్చటింతును. పందెము మొదలైనది 1932వ సంవత్సరము జూన్ 25వ తేది శనివారమున. స్థలము లండను నగరమందలి లార్డ్సు మైదానము. భారతదేశమునకు అదియే మొట్టమొదటి టెస్టు.

ముందుగా ఆ కాలపు కట్టుబాటు నొకదానిని తెలిసికొనవలెను. ఇంగ్లండులో క్రికెట్ ఆటగాండ్రు రెండు తెగలుగ నుండిరి. ఆటకు వేతనము పుచ్చుకొనువారు ప్రొఫెషనల్సు. వేతనము లేక వేడుకకై యాడువారు అమెచ్యూర్లు. ఒకే జట్టులో ఆడుచున్నను వీరికి దుస్తులు మార్చుకొను గదులు వేఱు. పెక్కు మైదానములలో ఆటస్థలమునకు వచ్చు ద్వారములును వేఱు. అచ్చువేసిన పట్టికలో వారి పేర్లు వ్రాయు తీరును వేఱు. ఎంతటి మేటి యైనను వేతనము గొనువానికి ఇంగ్లండు జట్టు నాయకత్వ మిచ్చుట ఆనాటి వాడుక కాదు. ఈ భేదము 1962లో గాని రద్దు కాలేదు.

మన దేశమున కొలబద్ద మఱియొకటి. ఇచ్చట నాయకత్వము సంస్థానాధీశులకు సహజముగా చెందునని తలచుచుండిరి. 1932లో ఇంగ్లండునకు బోయిన జట్టునకు పోరుబందరు మహారాజు నాయకులు. లింబ్డీ రాజకుటుంబమువారగు ఘనశ్యామసింహజీ ఉపనాయకులు. జట్టులో హిందువులు, ముస్లిములు, పారసీలు, సిక్కులు కలసియుండిరి. బొంబాయి పోటీలలో మతమున కొక జట్టు కట్టుట వాడుకయై యున్న కాలమున ఇది చిన్న విషయము గాదు.

ఆ యేటి జనవరిలో ప్రభుత్వము గాంధీమహాత్ముని మరల చెఱసాలలో నుంచెను. అందుచేత విజయ్ మర్చంటు వంటి గొప్ప యాటగాడు ఈ యాత్రకు పోనొల్లక దేశముననే నిలిచిపోయెను. పోయినవారు పాలకుల రాజధానిలో పాలితుల ప్రతినిధులై నిలువవలసి వచ్చెను. పోవుటయు పోకుండుటయు రెండును ఆనాడు తేలిక పనులు గావు.

టెస్టు సమీపించెను. తమ యాట అంతటి పరీక్షకు చాలదని పోరుబందరు మహారాజు తామే తప్పుకొనిరి. ఉపనాయకులు గాయపడిరి. అట్లు బాధ్యత కొఠారి కనకయ్య నాయుడుగారిపై బడెను. లోకము వీరిని సి. కె. నాయుడు అని యెఱుగును.

నాయుడుగారు 1895 అక్టోబరు 31వ తేదిన నాగపురమందు ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. 1923 నుండి ఇండోరు నగరమున హోల్కరు మహారాజు సైన్యములో ఉద్యోగము చేయుచుండిరి. 1926లో బొంబాయియందు ఎం.సి.సి. జట్టుపై హిందూజట్టు పక్షమున ఆడి 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లే 11. మనవారు టెస్టులకు తగుదురను నమ్మకము ఆ యాటవలన బలపడెను. 1932 మే మాసమున లార్డ్సుననే ఎం.సి.సి.పై ఆడి, ఔటుగాక 118 పరుగులు చేసిరి. కాబట్టి ఆ మైదానము వారికి బొత్తిగా క్రొత్త గాదు. జట్టును టెస్టునకు నడపుట మాత్రము క్రొత్త.

టాసు ఇంగ్లండు గెలిచి ముందు బ్యాటు పట్టెను. వారి నాయకుడు డగ్లస్ జార్డీను అమెచ్యూరు. ఈయన 1900లో బొంబాయిలోనే పుట్టెను. మొదట దిగినవారు యార్కుషైరు ప్రొఫెషనల్సగు హోమ్సు, సట్‌క్లిఫ్. పది దినములకు ముందే ఈ జంట ఎసెక్సు జట్టుపై తొలి వికెట్టునకు 555 పరుగులు చేర్చి ప్రపంచమున క్రొత్త హద్దు నెలకొల్పియుండెను.

ఇచ్చట ఆట మర్మ మొకటి చెప్పవలెను. క్రొత్తబంతికి మెఱుగు పోకముందు అది గాలిలో వంగి నడచును. ప్రొద్దుటి వేళ పచ్చిక నేలపై బడి చుఱుకుగా లేచును. బలముతో విసరువానికి అదియే అదను. ఆ యదనును మహమ్మద్ నిస్సార్ పోనీయలేదు. సట్‌క్లిఫ్‌ను 3 పరుగులకు, హోమ్సును 6 పరుగులకు వికెట్లు పడగొట్టి పంపెను. మలయాలో పుట్టిన సిక్కు యువకుడు లాల్ సింగు మెఱుపువలె బంతిని అందుకొని విసరగా వుల్లీ రనౌటయ్యెను. ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు కోల్పోయెను. అతిథులుగా వచ్చిన క్రొత్త జట్టు ఇంతపని చేయునని ఆ మైదానమున నెవరును తలచియుండరు.

పిదప జార్డీను ఓర్పుతో 79, ఏమ్సు 65 పరుగులు చేయుటచే ఇంగ్లండు 259 వఱకు సాగెను. నిస్సార్‌కు 93 పరుగులకు 5 వికెట్లు దక్కెను. అయితే ఆ వేట మనకు ఊరక దక్కలేదు. బంతిని ఆపబోయి నాయుడుగారు చేతికి దెబ్బ తినిరి. నజీర్ అలీ, పాలియాల కాళ్లు పట్టివేసెను. ఊళ్లో ఆట యైనచో మఱియొక కుఱ్ఱవానిని పిలువవచ్చును. ఆనాటి టెస్టులో మఱియొకడు ఫీల్డింగు చేయవచ్చునే గాని, గాయపడినవానికి బదులు బ్యాటు పట్టుటకు వీలు లేకుండెను.

ఆదివారము విశ్రాంతి. సోమ మంగళవారములందు ఆట సాగెను. మన మొదటి ఇన్నింగ్సున మొత్తము 189 పరుగులు. అందు అందరికన్న హెచ్చుగా చేసినవారు గాయపడిన చేతితో ఆడిన నాయుడుగారే. వారి పరుగులు 40. ఇంగ్లండు మరల 8 వికెట్లకు 275 చేసి ఆట చాలించెను. గెలువవలె నన్న 346 కావలెను. మనవారు 187కే ముగిసిరి. ఆ యోటమిలోను అమర్ సింగు 51 పరుగులు చేసి, టెస్టున అర్ధశతకము చేసిన తొలి భారతీయుడయ్యెను. అతడును లాల్ సింగును కలసి 74 పరుగులు చేర్చిరి. ఓటమి 158 పరుగులతో.

లెక్కకు ఇది ఓటమియే. కాని నాయకత్వము వంశమునుబట్టి గాక ఆటనుబట్టి నడచిన పందెమిది. ఆ యాత్రయందు నాయుడుగారు మొదటి తరగతి పందెములలో 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీసిరి. 1933లో విజ్డెను వార్షికగ్రంథము వారిని ఆ యేటి యయిదుగురు ఆటగాండ్రలో నొకరిగా నెన్నెను.

అయినను పాత కొలబద్ద వెంటనే తొలగలేదు. 1936లో మరల ఇంగ్లండు యాత్ర వచ్చినప్పుడు నాయకత్వము విజయనగర మహారాజకుమారునకు దక్కెను. ఆయన మూడు టెస్టులలో చేసిన పరుగులు 33. నాయుడుగారు ఆయన క్రింద సామాన్యసభ్యులుగా ఆడిరి. మన దేశము తొలి టెస్టు గెలుపును 1952లో మద్రాసున చూచెను. 1956లో ప్రభుత్వము నాయుడుగారిని పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. వారు 1967లో ఇండోరున పరమపదించిరి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫుదేశములకు బ్రతుకుతెరువుకై పోయినవారి యిండ్లు ఎన్నియో కలవు. పరాయి నేలపై ఒక్కని పనిని చూచి అతని ఊరివారి నందఱను తూచుదురని ఆ యిండ్లవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. నాయుడుగారు చేతి నొప్పితో బ్యాటు పట్టి నిలిచిన ఆ సోమవారమున వారి భుజములపై నున్నదియు అట్టి బరువే. పందెము పోయినను వారు ఆ బరువును జాఱనీయలేదు.