చిన్న లైనుకు తగిన ఇంజిను

"సార్, సీటీఎం నుంచి మా ఊరికి చిన్న లైను వేస్తే దానికి ఏ డీజిల్ ఇంజిను పెట్టాలి?" క్లాసులో పుంగనూరు కుర్రవాడు అడిగిన ప్రశ్న ఇది. మదనపల్లె వాళ్లకు రైలంటే సీటీఎమ్మే. ధర్మవరం–పాకాల లైను మీద, ఊరికి దూరంగా ఉండే మదనపల్లె రోడ్డు స్టేషను. పుంగనూరుకు ఆ మాత్రం కూడా లేదు. మదనపల్లె మీదుగా పోవాల్సిన కడప–బెంగళూరు కొత్త లైను 2008–09లో మంజూరైంది గానీ పట్టాలు ఇటు రాలేదు. అందుకని కుర్రవాడి లైను ఊహే. ప్రశ్న మాత్రం నిజమైనది. సిమెంటు ఫ్యాక్టరీ, థర్మల్ కేంద్రం, ఉక్కు కర్మాగారం, ఓడరేవు... సొంత పట్టాలున్న ప్రతి చోటా ఎవరో ఒకరు కాగితం, పెన్సిలు పట్టుకుని ఈ లెక్క వేసే ఉంటారు.

ఎక్కువ హార్స్‌పవర్ ఉన్నది కొంటే సరి అని క్లాసంతా ఒక్క మాటగా చెప్పింది. కరెంటు తీగలు రాకముందు కుప్పం మీదుగా బెంగళూరు బళ్లు లాగిన డబ్ల్యూడీఎం-2 గుర్తుంది కదా, 2,600 హార్స్‌పవర్, అదే తెచ్చేద్దామన్నారు.

కానీ నిలబడ్డ బండిని కదిలించేది హార్స్‌పవర్ కాదు, ఇంజిను బరువు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద ఎంత గట్టిగా ఒత్తితే అంత పట్టు. పట్టా పొడిగా ఉంటే ఆ పట్టు బరువులో నాలుగో వంతు అనుకోవచ్చు. వాన తుంపర పడి పట్టా జిడ్డుగా మారితే ఇంకా తగ్గుతుంది, అప్పుడు చక్రం ముందు ఇసుక చల్లాలి. 60 టన్నుల ఇంజినుకు 15 టన్నుల లాగుడు దొరుకుతుంది. మోటారు ఎంత పెద్దదైనా అంతకు మించి లాగబోతే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది.

ఇక దారి సంగతి. మదనపల్లె, కుప్పం రెండూ సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, కొండలూ గుట్టల మధ్య ఉన్న ఊళ్లు. ఇక్కడ లైను వేస్తే 100 మీటర్లకు ఒక మీటరు లేచే చోట్లు తప్పవు. అలాంటి ఎత్తులో ప్రతి టన్నుకూ 10 కిలోల లాగుడు ఎత్తుకే పోతుంది. బండిని కదిలించడానికి ఇంకో 5 కిలోలు వేసుకుందాం. టన్నుకు 15 కిలోల చొప్పున 15 టన్నుల లాగుడు 1,000 టన్నులకు సరిపోతుంది. అందులో ఇంజిను బరువు తీసేస్తే 940 మిగులుతుంది. నిండు బీసీఎన్ వ్యాగన్ సుమారు 81 టన్నులు కనుక 11 వ్యాగన్లు. వేగం ఎంతన్నది తేల్చేటప్పుడే హార్స్‌పవర్ వంతు వస్తుంది. లాగుడును కిలోల్లో, వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని గుణించి 270తో భాగిస్తే చక్రాల దగ్గర కావలసిన హార్స్‌పవర్ తెలుస్తుంది. 15 టన్నులను 10 కిలోమీటర్ల వేగంతో లాగడానికి 555 చాలు. మధ్యలో ఐదో వంతు నష్టం వేసుకున్నా 700 హార్స్‌పవర్ ఇంజిను సరిపోతుంది.

60 టన్నులు, 700 హార్స్‌పవర్. ఈ అంకెలు ఊరికే తీసుకోలేదు. ఇవి చిత్తరంజన్ కర్మాగారంలో తయారైన డబ్ల్యూడీఎస్-4బి షంటింగ్ ఇంజినువి. దాని పోటీదారు డబ్ల్యూడీఎస్-6. 126 టన్నులు, 1,400 హార్స్‌పవర్‌కు అటూఇటూ. మన చిన్న లైన్ల కథంతా ఈ రెండింటి పోటీయే. పెద్దదానిలో డీజిల్ ఇంజిను జనరేటరును తిప్పుతుంది, ఆ కరెంటుతో ఆరు ఇరుసులకు ఆరు మోటార్లు తిరుగుతాయి. చిన్నదానిలో కరెంటు మోటార్లే లేవు, ఆ పని నూనెతో నడిచే టార్క్ కన్వర్టర్ చేస్తుంది. నాకు ప్రాణమైన యంత్రం అదే.

1905లో జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫొటింగర్ దీన్ని ఓడల కోసం రూపొందించాడు. రివ్వున తిరిగే స్టీమ్ టర్బైనుతో, నిదానంగా తిరగాల్సిన ప్రొపెల్లరును తిప్పడం అప్పటి చిక్కు. మూసిన డొల్ల నిండా నూనె, అందులో మూడు రెక్కల చక్రాలు. మొదటిది పంపు. ఇంజిను దాన్ని తిప్పితే నూనెను అంచులకు విసురుతుంది. ఆ నూనె తగిలి రెండో చక్రమైన టర్బైను తిరుగుతుంది, దాని నుంచి గేర్లకు బలం పోతుంది. ఈ రెండే ఉంటే ఇంజిను ఎంత బలంతో తిప్పిందో అంతే బయటికి వస్తుంది, పిసరు కూడా పెరగదు. కిటుకంతా మూడోదానిలో ఉంది. అది తిరగదు, డొల్లకే బిగించి ఉంటుంది.

టర్బైనును తోసి మళ్లిన నూనె, పంపు తిరిగే దిక్కుకు ఎదురుగా వస్తుంది. కదలని రెక్కలు దాన్ని వంచి పంపు దిక్కుకే తిప్పి పంపిస్తాయి. వంచాలంటే నెట్టాలి. అలా నూనెకు అందిన నెట్టుడు కూడా తిరిగి టర్బైనుకే చేరుతుంది. అంటే టర్బైను తిప్పుడు బలం, పంపు ఇచ్చినదీ కదలని రెక్కలు ఇచ్చినదీ కలిపిన మొత్తం. కదలని భాగం బలం పెంచుతోంది! ఇది నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీసినా నాకు తనివి తీరదు. బండి ఆగి ఉన్నప్పుడు నూనె బాగా ఎదురు తిరుగుతుంది కాబట్టి బలం కూడా అప్పుడే ఎక్కువ. బండి కదిలి వేగం పుంజుకుంటే మళ్లింపు తగ్గి బలం దానంతట అదే తగ్గుతుంది. గేరు మార్చే పని లేదు, క్లచ్ తొక్కే పని లేదు.

వేగం బాగా పెరిగాక మాత్రం నూనెలో నష్టం ఎక్కువవుతుంది. మన రైల్వే ఇంజినీరు మన్‌మోహన్ సూరి దీనికి మందు కనిపెట్టాడు. మొదట్లో నూనెతో నడిపించి, వేగం అందుకున్నాక ఇంజినును నేరుగా గేర్లకు కలిపే ఏర్పాటు అది. సూరి ట్రాన్స్‌మిషన్ పేరుతోనే అది డబ్ల్యూడీఎస్-4లోకి వచ్చింది.

చిన్నదానికి ఇంకో బలం ఉంది. పక్కనుంచి చూస్తే పొగబండికి ఉన్నట్టే చక్రాలను కలిపే రాడ్లు కనిపిస్తాయి. లాగేటప్పుడు ఏ ఇంజినుకైనా ముందు చక్రాల మీద బరువు తగ్గి వెనక్కి పోతుంది. ఇరుసుకో మోటారు ఉన్న ఇంజినులో తేలికైన ఇరుసు ముందుగా జారుతుంది. ఇక్కడ అలా కుదరదు. ఒకే కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి తడబడితే రెండోది ఆపినట్టు, మూడు ఇరుసులూ కలిసి తిరగాల్సిందే. జారితే మూడూ కలిసే జారాలి.

60 టన్నులే కదా, పాత బక్క పట్టాల మీదా నడిచిపోతుందని అనుకోవద్దు. 60 టన్నులను మూడు ఇరుసులకు పంచితే ఇరుసుకు 20. పెద్దదాని 126 టన్నులను ఆరుకు పంచితే 21. పట్టాకు పెద్ద తేడా లేదు. నిజంగా తేలికగా అడుగు వేసినది మన పాకాల లైను మీటర్‌గేజీగా ఉన్న రోజుల్లో నడిచిన వైడీఎం-4. 72 టన్నులు, ఆరు ఇరుసులు, ఇరుసుకు 12.

మరి పుంగనూరుకు ఏది? రెండు మూడు కిలోమీటర్ల చదును సైడింగ్ అయితే కళ్లు మూసుకుని డబ్ల్యూడీఎస్-4. ఈ లైనుకు మాత్రం, మనసు ఒప్పకపోయినా, నేను డబ్ల్యూడీఎస్-6 అంటాను. 700 హార్స్‌పవర్‌లో ఐదో వంతు నష్టమంటే దాదాపు 100 కిలోవాట్ల వేడి. షంటింగ్‌లో అది కాసేపే. ఎరువుల వ్యాగన్లతో గంటల తరబడి ఎత్తు ఎక్కుతుంటే ఆ వేడంతా నూనెలోనే చేరుతుంది. కరెంటు మోటార్లూ వేడెక్కుతాయి, కానీ వాటికి బ్లోయర్లు గాలి కొడుతూనే ఉంటాయి. పైగా అదే ఎత్తులో పెద్దది 24 వ్యాగన్లు లాగుతుంది. ఇంకో కారణం విడిభాగాలు. దాని గుండెకాయ ఆల్కో 251 కుటుంబపు ఆరు సిలిండర్ల ఇంజిను. వైడీఎం-4లో ఉన్నదీ అదే. డబ్ల్యూడీఎం-2లో అవే 9 అంగుళాల సిలిండర్లు పదహారు ఉంటాయి. ఇంజిను ఆగిపోయిన రోజున ఎక్కడో ఆర్డరు పెట్టి నెలలు చూడక్కర్లేదు, ఆల్కో ఇంజిన్లు చూసే షెడ్డుకు మనిషిని పంపితే పిస్టన్ దొరుకుతుంది.

తరవాతి కథ చకచకా జరిగిపోయింది. పాకాల లైను 2010 ప్రాంతంలో బ్రాడ్‌గేజీ అయింది, ఆ తరవాత కరెంటు తీగలూ వచ్చాయి. వైడీఎం-4లు కొన్ని మలేసియా, టాంజానియా దాకా వెళ్లాయి. చిత్తరంజన్ డీజిల్ ఇంజిన్లు మానేసి కరెంటువాటికే అంకితమైంది. అయినా ఫ్యాక్టరీ సైడింగుల్లో డీజిల్ పోలేదు. వ్యాగన్‌లోకి పైనుంచి బొగ్గు పోసే చోట, క్రేన్ తల ఎత్తే చోట, వ్యాగన్‌నే పట్టి తిరగేసే టిప్లర్ దగ్గర పట్టాల మీద 25,000 వోల్టుల తీగ కట్టడం కుదరదు. మెయిన్ లైను కరెంటు ఇంజిను గేటు దాకా వచ్చి ఆగిపోతే, అక్కడి నుంచి రేక్‌ను లోపలికి తోసేది ఇప్పటికీ షంటింగ్ డీజిలే.